చెట్టెక్కని ఆర్కిడ్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆర్కిడ్ల మీద అరపేజీ వ్యాసం వేశారు. మా ఇంట్లో పేపరు ముందు మనవరాలి చేతికి వెళ్తుంది, ఆ తర్వాతే మాకు. అది చదువుతూ చదువుతూ తలెత్తి, "అమ్మమ్మా, ఆర్కిడ్‌కి మట్టి తగిలితే చచ్చిపోతుందట. మరి నీ మొక్క పన్నెండేళ్ల నుంచి మట్టిలోనే ఉంది కదా, దానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదా?" అంది. నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ వ్యాసం పక్కన ఉన్న ఫోటో చూశాక చెయ్యి ఆగలేదు.

ఫోటో కింద "చెట్ల కొమ్మలపై పెరిగే ఆర్కిడ్ పూలు" అని రాశారు. అందులో ఉన్నది స్పాథోగ్లాటిస్ ప్లికేటా. అది చెట్టెక్కే రకం కాదు. నేల మీద పుట్టి, నేల మీదే పూసి, నేల మీదే రాలిపోతుంది. నర్సరీల వాళ్లు గ్రౌండ్ ఆర్కిడ్ అంటారే, అదే. కాస్త పరకాయించి చూడండి, ఫోటో అడుగున మడతలు మడతలుగా ఆకులు, వాటి మొదట్లో మట్టి కూడా కనిపిస్తున్నాయి. మట్టిలో నిలబడ్డ మొక్క ఫోటో వేసి, పక్కనే "వీటికి మట్టి తగలనివ్వకండి, బొగ్గు, ఇటుక ముక్కల్లో పెట్టండి" అని రాస్తే చదివేవాళ్లు ఏం చేస్తారు? కుండీలో హాయిగా ఉన్న మొక్కని పీకి బొగ్గులో పెడతారు. పెడతారని అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఒకప్పుడు నేను పెట్టాను కాబట్టి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా ఒకే పాఠం. చెట్ల మీద పెరిగే మొక్కలకి ఉదాహరణ వాండా, గాలిలో వేలాడే దాని వేళ్ల మీద తేమని పీల్చుకునే తెల్లటి పొర పేరు వెలామిన్. బోర్డు మీద బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, నోట్సు రాయించేదాన్ని. ఇన్నేళ్లు ఒకే ఉదాహరణ చెప్పేసరికి ఆర్కిడ్ అంటే వాండానే అన్నట్టు తయారైంది నా బుర్ర. ఆ మొక్కలు బదనికల్లా చెట్టు రసం పీల్చవు, కేవలం ఆసరా తీసుకుంటాయి అని మాత్రం పిల్లలకి పదేపదే చెప్పాను. అంతవరకు ఫర్వాలేదు. కానీ అసలు చెట్టుతో పనే లేని ఆర్కిడ్లు ఉంటాయని ఒక్క క్లాసులోనూ చెప్పినట్టు గుర్తులేదు. ప్రపంచంలో సుమారు 28,000 ఆర్కిడ్ జాతులున్నాయని లెక్క. వాటిలో 70 శాతం దాకా చెట్ల మీద పెరిగేవే, ఒప్పుకుంటాను. మిగిలినవే తక్కువా? వేల జాతులు.

పన్నెండేళ్ల కిందట తోటి టీచరు ఒకావిడ తన కుండీలోంచి ఒక పిలక విడదీసి, తడి పేపరులో చుట్టి ఇచ్చింది. ఊదారంగు పూలు పూస్తుంది, ఆర్కిడే అంది. ఆ మాట చాలు నాకు, మిగతాదంతా తెలుసనుకున్నాను. ఒక తీగబుట్టలో బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరిపీచు వేసి, పిలకని అందులో నిలబెట్టి, నీడన వేలాడదీశాను. రోజూ పొద్దున్నే నీళ్లు చిలకరించడం. వారానికల్లా ఆకు కొసలు ఎండాయి. నెల తిరిగేసరికి ఆకులు నిలువునా గోధుమరంగుకి తిరిగాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను. మూడో నెలకి ఆకంటూ మిగల్లేదు, ముడతలు పడ్డ దుంపొకటి ఉంది, అంతే. మా ఆయన ఆ బుట్ట వంక చూసి, "టీచరమ్మ చేతిలో మొక్క ఫెయిలైంది" అన్నారు. ఉడుక్కుని బుట్టంతా తీసుకెళ్లి గోడ పక్కన పోసిన మట్టికుప్ప మీద బోర్లించేశాను. వానలు మొదలయ్యాక ఒకరోజు చూద్దును కదా, ఆ కుప్పలోంచి తాటిమొలకలాగా గుచ్చినట్టు ఒక మోసు పైకొచ్చింది! పక్కన బొగ్గుముక్కలు అలాగే పడి ఉన్నాయి. వేర్లు వాటిని తప్పించుకుని మట్టిలోకి దిగాయి.

ఆ తర్వాతే దాని పుట్టిల్లు ఎక్కడో వెతికి తెలుసుకున్నాను. కోడలికి ఏం నచ్చుతుందో తెలియాలంటే పుట్టింటి వాళ్లని అడగాలి కదా, మొక్క సంగతీ అంతే. 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు జావా మొక్కల్ని వర్ణిస్తూ దీనికి ఈ పేరు పెట్టాడు. ప్లికేటా అంటే మడతలు పడినది అని. ఆకు చూస్తే పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. విసనకర్రకి మడిచిన కాగితంలా నిలువునా మడతలుంటాయి. పువ్వు లేనప్పుడు చూస్తే ఆర్కిడ్ అని ఎవరూ అనరు, ఏ పోకమొలకో, నేలతాడో అనుకుంటారు. ఇండియా నుంచి ఆగ్నేయాసియా మీదుగా న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా దీని సొంత నేల.

అక్కడైనా ఇది నివసించేది మనం ఊహించుకునే చిమ్మచీకటి అడవిలో కాదు. అడవి అంచున, గడ్డినేలల్లో, వాగుల ఒడ్డున, కొండచరియ విరిగిపడి ఎర్రమట్టి బయటపడ్డ చోట, రోడ్డు కోసం కొండని కోసిన గట్టుల మీద పెరుగుతుంది. అంటే ఎండ బాగా తగిలే చోట, నీళ్లు పారిపోయే చోట, పెద్ద చెట్లు ఇంకా ఆక్రమించని చోట. చెట్లు మళ్లీ గుబురుగా పెరిగి నీడ కమ్మితే ఇది వెనక్కి తగ్గుతుంది. ఇంకోచోట మట్టి తెగితే అక్కడ తేలుతుంది.

దీనికి ఇండోనేషియాలోని క్రాకటోవా దీవి కథ కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. 1883 ఆగస్టులో ఆ అగ్నిపర్వతం పేలినప్పుడు దీవిలో మిగిలిన ముక్క మీద బూడిద, ప్యూమిస్ రాయి మందంగా కప్పేసి పచ్చదనమన్నది లేకుండా పోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లు తిరక్కముందే అక్కడికి వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞులకి కనిపించిన తొలి ఆర్కిడ్లలో ఈ స్పాథోగ్లాటిస్ ఒకటి. సముద్రం దాటి, గాలిలో తేలి, బూడిద మీద దిగి పూసింది. ఆర్కిడ్ అంటే అద్దాల గదిలో దూదిమీద పెంచాల్సిన సుకుమారం అని రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బాగుండు.

గాలిలో తేలి అన్నాను కదా, అది మాటవరసకి అన్నది కాదు. కాయ పగిలే రోజు దగ్గరుండి చూశాను. ఈ మొక్క పూలన్నీ ఒక్కసారి పూయదు. కాడ కింది నుంచి మొదలుపెట్టి పైకి రెండేసి, మూడేసి విచ్చుకుంటూ పోతుంది. అందుకని ఒకే కాడ మీద కింద ఆకుపచ్చ కాయలు వేలాడుతుంటే, మధ్యలో పూలు, కొసన ఇంకా గుత్తిగా మొగ్గలు. తాత, తండ్రి, మనవడు ఒకే నిచ్చెన మెట్ల మీద నిలబడ్డట్టుంటుంది. కింది కాయ పసుపు తిరిగి, నిలువునా చీలికలు పడింది. కాడని వేలితో తట్టాను. పౌడరు డబ్బా విదిలించినట్టు తెల్లటి దుమ్ము లేచింది. కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది. ఆ దుమ్మంతా విత్తనాలే.

ఇంత తేలిగ్గా ఎలా ఉన్నాయంటే, విత్తనంలో తిండి లేదు. చిక్కుడుగింజలోనూ మొక్కజొన్నలోనూ బిడ్డకి తల్లి కట్టిచ్చిన మూట ఉంటుంది, ఆర్కిడ్ విత్తనానికి అది లేదు. ఉత్త పిండం, చుట్టూ పల్చటి పొర. నేల మీద పడ్డాక మట్టిలోని ఒక రకం శిలీంధ్రం దాని లోపలికి చేరి పోషణ అందిస్తేనే మొలుస్తుంది. ఈ రహస్యాన్ని 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పట్టుకున్నాడు, అదీ అడవి నేల మీద పెరిగే ఒక ఆర్కిడ్ మొలకల్ని చూసి. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, సీసాల్లో చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలు మొలుస్తాయని చూపించాడు. ఇవాళ నర్సరీల్లో దొరికే ఆర్కిడ్లలో చాలావరకు ఆ సీసాల దారిలో వచ్చినవే. కాబట్టి అడవిలో కనిపించిన నేల ఆర్కిడ్‌ని దుంపతో సహా తవ్వి తెచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. తెచ్చినా దాని వెంట ఆ మట్టి రాదు, ఆ మట్టిలోని శిలీంధ్రమూ పూర్తిగా రాదు. మీ వ్యాసంలో "ట్రెక్కింగులో దొరికితే ఒక మొక్క తెచ్చుకోవచ్చు" అన్న వాక్యం ఉంది. సవరణలో ముందుగా కొట్టెయ్యాల్సింది దాన్నే. ఫోటో కింది పొరపాటు దానితో పోలిస్తే చిన్నది.

ఇక పువ్వు సంగతి. మూడంగుళాల దూరం నుంచి చూడండి. ఐదు రేకులు మామూలుగానే ఉంటాయి, ఆరోది వేరు. దాన్ని పెదవి అంటారు. మూడు పాయలుగా చీలి ఉంటుంది. పక్క పాయలు రెండూ చేతులు జోడించబోతున్నట్టు పైకి లేస్తాయి, మధ్య పాయ సన్నటి మెడతో ముందుకి సాగి కొసన వెడల్పవుతుంది. ఆ మెడ మొదట్లో పసుపురంగు బుడిపె. నల్ల తుమ్మెద దాని మీద వాలుతుంది. లోపలికి తలదూర్చి వెనక్కి వచ్చేటప్పుడు దాని వీపుకి పుప్పొడి ముద్దలు అంటుకుపోతాయి. ఆర్కిడ్ పుప్పొడి పిండిలా రాలదు, ముద్దలుగానే కదులుతుంది. అసలు విచిత్రం ఏమిటంటే, తుమ్మెద రాకపోయినా తన పుప్పొడితో తనే కాయ కట్టుకునే మొక్కలు ఈ జాతిలో బాగా ఉన్నాయి. నా దగ్గరున్నది ఆ బాపతే. పూసిన పువ్వల్లా కాయ అవుతుంది. కొత్త దీవిలో ఒక్క విత్తనం పడ్డా వంశం నిలబడిందంటే ఇలాంటి గుణం వల్లే అయ్యుంటుందని నా అనుమానం.

చీమల గురించి కూడా చెప్పాలి. మొదటి రెండేళ్లు మొగ్గల చుట్టూ చీమలు చేరితే నాకు టెన్షన్. నీళ్లు కొట్టి కడిగేసేదాన్ని, మర్నాటికి మళ్లీ హాజరు. ఒకరోజు భూతద్దం పెట్టి చూస్తే మొగ్గ బయటి వైపు గుండుసూది మొనంత తీపి బొట్టు మెరుస్తోంది. మొక్కే చీమలకి పెడుతోంది! పువ్వు లోపల కాకుండా బయట ఊరే ఇలాంటి తీపి మీద చీమలు తిరుగుతుంటే మొగ్గల్ని కొరికే పురుగులు అంత ధైర్యంగా రావు. అప్పటినుంచి కడగడం మానేశాను. అయితే ఆకు మొదట్లో దూదిలా పిండినల్లి కనిపిస్తే మాత్రం ఆ చీమలు దాని కోసం వచ్చినవి. ఆ తేడా చూసుకోవాలి.

ఇంత గట్టి మొక్క కదా అని ఎక్కడ పడితే అక్కడ నాటెయ్యమని నేను చెప్పడం లేదు. తోటల కోసం తీసుకెళ్లిన స్పాథోగ్లాటిస్ కంచె దాటి హవాయిలో లావా నేలల మీద, రోడ్ల పక్కన సొంత మొక్కలాగా పెరిగిపోతోంది. కరీబియన్ దీవి ఫ్యూర్టో రికోలో పరిస్థితి ఇంకొంచెం ఇబ్బందికరం. అక్కడ బ్లీషియా పటులా అని ఒక స్థానిక నేల ఆర్కిడ్ ఉంది, చూడ్డానికి దీని చెల్లెల్లా ఉంటుంది. దాని పూలని, కాయల్ని తినే ముక్కుపురుగు ఒకటి ఎప్పటినుంచో అక్కడే ఉంది. వలస వచ్చిన స్పాథోగ్లాటిస్ ఏడాది పొడుగునా కాయలు కాస్తుండేసరికి ఆ పురుగుకి తిండి పుష్కలమైంది. పురుగులు పెరిగాయి, ఆ దెబ్బ స్థానిక ఆర్కిడ్ మీద పడింది. స్పాథోగ్లాటిస్ ఉన్న చోట బ్లీషియా కాయలు తగ్గాయని 2013లో అక్కడి పరిశోధకులు ప్రచురించారు. నీళ్ల కోసమో ఎండ కోసమో ఈ రెండు మొక్కలూ కొట్టుకోలేదు, మధ్యలో పురుగు చేసిన పని ఇది.

మరోపక్క సింగపూర్ చూడండి. అక్కడ ఇది సొంత మొక్క. రోడ్ల పక్కన, పార్కుల్లో వరసలుగా నాటి కనిపిస్తుంది. కానీ అడవిలో తనంతట తను పెరిగే మొక్కలు అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న వాటి జాబితాలో ఉన్నాయి. పార్కులో వంద ఉన్నాయి కదా అని లెక్క సరిపెట్టుకుంటే కుదరదు. అది తనంతట తను మొలిచే గడ్డినేల, అడవి అంచు ఉండాలి. ఒక దేశంలో కలుపు, ఇంకో దేశంలో కరువు. మొక్క అదే.

మీ వ్యాసకర్త మీద కోపం లేదండీ. నేల ఆర్కిడ్ అనగానే అన్నింటికీ ఒకే మందు రాసే పొరపాటు నేనూ చేశాను. స్పాథోగ్లాటిస్ ఎండలో పెరిగింది కదా అన్న ధీమాతో, తర్వాత తెచ్చిన లుడీసియా అనే ఇంకో ఆర్కిడ్‌ని కూడా దాని పక్కనే ఎండలో పెట్టాను. లుడీసియా కూడా నేల మీద పెరిగేదే. కానీ దక్షిణ చైనా, ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల నీడన, రాలిన ఆకుల మధ్య, నాచు పట్టిన రాళ్ల మీద పాకుతూ బతుకుతుంది. ముదురు మఖమల్ గుడ్డ మీద రాగితీగ కుట్టినట్టుంటాయి దాని ఆకులు, వాటి కోసమే పెంచుతారు. రెండు వారాల ఎండకి ఆ మఖమల్ కాస్తా ఉతికి ఉతికి వెలిసిన చీరలా అయింది. నీడకి మార్చాక కొత్త ఆకులు మళ్లీ రంగు పట్టాయి, పాతవి మాత్రం కోలుకోలేదు. అంటే "నేల" అన్న ఒక్క మాట చాలదు, ఏ నేల, ఎంత నీడ అని కూడా అడగాలి. యులోఫియాల్లాంటి నేల ఆర్కిడ్లు కొన్ని ఉన్నాయి, ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి దుంపతో మట్టిలో నిద్రపోతాయి. చచ్చిందనుకుని కుండీ గుమ్మరించేవాళ్లు ఎంతమందో! ఇలాంటి మొక్కల గురించి రాసేటప్పుడు ఆ ఒక్క మాట ముందే చెబితే చాలా కుండీలు బతుకుతాయి.

పాఠకులు బొగ్గు సలహా పాటించకముందే ఈ నాలుగు మాటలు వేయండి. స్పాథోగ్లాటిస్‌కి మామూలు తోటమట్టి, చివికిన ఆకుల ఎరువు, నీళ్లు నిలవకుండా కాస్త ఇసుక కలిపితే చాలు. దుంప సగం మట్టిలో, సగం పైన ఉండేలా పెట్టాలి, పూర్తిగా కప్పేస్తే కుళ్లుతుంది. రోజూ కొన్ని గంటలైనా ఎండ తగలాలి, లేకపోతే ఆకులు ఏపుగా పెరుగుతాయి గానీ పూలకాడ రాదు. ఆకులు రాలిన పాత దుంపల్ని పనికిరావని విరిచి పారేయొద్దు, కొత్త పిలకకి తిండి వాటిలోంచే అందుతుంది. కుండీ నిండిపోయాక మూడు నాలుగు దుంపలు కలిసుండేలా విడదీసి నాటితే త్వరగా తేరుకుంటుంది. ఒక్కో దుంపని విడివిడిగా నాటితే పూలకి చాలాకాలం ఆగాలి. నేను ఆశకి పోయి అలాగే చేసి, రెండేళ్లు ఆకులు చూస్తూ కూర్చున్నాను.

మా మనవరాలు ఈ ఉత్తరం చదివి, "ఇంత పెద్దది వెయ్యరు అమ్మమ్మా, వాట్సాప్‌లో పెట్టు" అంది. వెయ్యకపోయినా ఫర్వాలేదు. ట్రెక్కింగ్ వాక్యం, బొగ్గు వాక్యం తప్పని రెండు లైన్లు వేస్తే చాలు. ఫోటో మాత్రం చాలా బాగుంది, ఎవరు తీశారో గానీ పెదవి మీది పసుపు బుడిపె కూడా స్పష్టంగా పడింది. దాన్ని మార్చకండి. కింద రాసిన లైనులో "చెట్ల కొమ్మలపై" అన్నది కొట్టేసి "నేలపై" అని పెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు